ఊకుంటే మంచోళ్ళమైపోతామా?

"మనకెందుకు? మనదాక వస్తే చూద్దాం." మెదక్‌లో రాందాస్ చౌరస్తా చాయ్ హోటల్ మొదలుకొని ఊళ్ళల్లో రచ్చకట్ట దాకా ఈ సలహా అడగకుండానే దొరుకుతుంది. బస్సులో ఎవడో ఒక ఆడపిల్లను సతాయిస్తుంటే కిటికీలోంచి బయటికి చూడమంటుంది. ఒక మనిషిని కులం పేరుతో తిడుతుంటే విననట్టు ఉండమంటుంది. పక్కింటి మీద ఊరు పగబడితే తలుపు దగ్గరికి వేసుకొమ్మంటుంది. తల్లులు కొడుకులకు చెబుతారు, పాతకాపులు కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు చెబుతారు. చెప్పినవాళ్ళను లోకం తెలిసినవాళ్ళని మెచ్చుకుంటాం. ఈ మెప్పే మన ఊళ్ళను చెడగొడుతోంది.

ఖండించే ముందు ఈ వాదన ఏమిటో దాని బలంతో సహా చెప్పాలి. మనకెందుకు అనేవాళ్ళు దుర్మార్గులేమీ కారు. వాళ్ళు అనేది ఇది: కత్తి పట్టుకున్నవాడికి అడ్డం పోతే పోయేది మన ప్రాణం, దిక్కులేనివాళ్ళయ్యేది మన పిల్లలు. సాక్షిగా సంతకం పెడితే ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కాలి. కూలి పోతుంది, పగ మిగులుతుంది. కులం లొల్లిలో, మతం లొల్లిలో, మొగుడూపెళ్ళాల లొల్లిలో బయటివాడు దూరితే చిన్నది పెద్దదవుతుంది. జనమే జోక్యం చేసుకోవడం మొదలుపెడితే చివరికి గుంపు రాజ్యమే మిగులుతుంది. అంతకంటే పోలీసులకు వదిలేయడం మేలు. పైగా ఊరంతా ఒకవైపు ఉన్నప్పుడు ఒక్కడు ఏం చేయగలడు? ఊకున్నవాడు సాయం చేయకపోవచ్చు, హాని మాత్రం చేయలేదు కదా?

ఇందులో భయం ఉంది, అనుభవం ఉంది, కొంత నిజం కూడా ఉంది. ఆ కొంత నిజం నీడలో చాలా అబద్ధం బతుకుతోంది. దాన్ని ఒక్కొక్క పోగుగా విప్పుదాం. చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆనుకొని ఉన్నాయి.

1. ఊకున్నవాడు హాని చేయలేదన్న వాదన

మెదక్ జిల్లా మనోహరాబాద్ మండలం గౌతోజిగూడెం. చుట్టుపక్కల ఫ్యాక్టరీలున్న ప్రాంతం, హైదరాబాద్ ఎంతో దూరం లేదు. 2024 సెప్టెంబరులో ఈ ఊరు పేపర్లకెక్కింది. చావులకు డప్పు కొట్టబోమన్నందుకు ఒక దళిత కుటుంబాన్ని ఊరు వెలివేసింది. వాళ్ళతో మాట్లాడినవాళ్ళకు జరిమానా అని తీర్మానం చేశారని వార్తలు వచ్చాయి. ఫిర్యాదు అందాక పోలీసులు కేసు పెట్టారు.

ఈ శిక్షలో కర్ర ఎత్తినవాడు ఎవడు? వెలి అనే శిక్షకు కర్ర అక్కర్లేదు. తీర్మానం చేసేది వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గ పెద్దమనుషులు. దాన్ని అమలు చేసేది మాత్రం ఊరంతా. వెలి పడిన ఏ ఊళ్ళోనైనా చూడండి: ఉప్పు పప్పు ఇవ్వని కిరాణాకొట్టు, కిరాయికి రాని ట్రాక్టరు, ఎదురుపడితే తల తిప్పుకునే పొరుగింటామె, నిన్నటిదాకా కలిసి ఆడుకున్న పిల్లను ఈరోజు లోపలికి పిలుచుకునే తల్లి. వీళ్ళలో ఒక్కరు కూడా ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. అందరూ ఊకున్నారు, అంతే. ఆ ఊకోవడమే ఆ కుటుంబం మీద పడ్డ దెబ్బ. దాన్ని తీసేస్తే వెలిలో ఇంకేమీ మిగలదు.

జరిమానా ఎవరి మీద పెట్టారో గమనించండి. డప్పు కొట్టనన్నవాళ్ళ మీద కాదు, వాళ్ళను పలకరించేవాళ్ళ మీద. తమ పెత్తనం ఎక్కడ నిలబడి ఉందో పెద్దమనుషులకు బాగా తెలుసు. తెల్లారి పది ఇళ్ళవాళ్ళు పోయి "ఏం అక్కా, బాగున్నారా" అని అడిగితే ఆ తీర్మానం చిత్తుకాగితం అవుతుందని వాళ్ళకు తెలుసు కాబట్టే పలకరింపుకు వెల కట్టారు. వెలివేసినవాళ్ళకు తెలిసిన ఈ సంగతి ఊకున్న మంచోళ్ళకు మాత్రం తెలియదంటే ఎట్లా నమ్మాలి?

చట్టం కూడా దీన్ని చిన్న విషయంగా చూడలేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక బహిష్కరణను, ఆర్థిక బహిష్కరణను, వాటి పేరుతో బెదిరించడాన్ని కూడా నేరాల జాబితాలో చేర్చింది. "నేనేమన్నా అన్నానా, ఊకున్నా" అనే జవాబు ఊరి పంచాయితీలో చెల్లుతుందేమో గాని చట్టం ముందు చెల్లుతుందన్న భరోసా లేదు.

వెలిలో ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మిగతా చోట్ల కొంచెం మరుగున ఉంటుంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళ ప్రయాణం ఉచితమైంది. అప్పటి నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఒక రకం మాటలు మొదలయ్యాయి. తలమీద మూట, చంకలో పిల్ల ఉన్న మనిషిని చూసి "పుణ్యానికి తిరగనీకి వచ్చిండ్రు" అంటాడొకడు. అన్నాక చుట్టూ చూస్తాడు. ఎవరైనా నవ్వుతారా, ఎవరైనా ముఖం చిట్లిస్తారా అని. ఎవరూ ఏమీ అనకపోతే రెండో మాట మొదటిదానికంటే మురికిగా వస్తుంది. ఆ చూపును నేను చాలాసార్లు చూశాను. అనేవాడు ఎప్పుడూ బాధపడే మనిషిని చూడడు, మనల్ని చూస్తాడు. ఎంతవరకు పోవచ్చో మన ముఖాల్లో కొలుచుకుంటాడు. ఆ కొలతలో మన మౌనం సున్నా కింద లెక్కకు రాదు, ఒప్పుకోలుగా వస్తుంది.

2. మన ఊళ్ళో అట్లాంటివి లేవన్న వాదన

మెదక్ మీద ప్రేమతో చెప్పే మాట ఇది, అందుకే దీన్ని కాదనడం కష్టం. 1914లో మొదలై పదేళ్ళ పాటు సాగిన పెద్ద చర్చి నిర్మాణం కరువు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళకు పని ఇచ్చి కూడు పెట్టింది. మిషనరీ పోస్నెట్ దొర కట్టించిన ఆ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. నేటికీ క్రిస్మస్ నాడు అక్కడికి వచ్చేవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉంటారు. శివరాత్రికి ఏడుపాయల వనదుర్గమ్మ జాతరకు లక్షల మంది వస్తారు. ఈ ఊరు కలిసి బతకడం ఎరగనిదేమీ కాదు.

అదే ఊళ్ళో 2024 జూన్ 15న, బక్రీదు ఇంకా రెండు రోజులుందనగా, పశువుల విషయంలో మొదలైన వివాదం రెండు వర్గాల ఘర్షణగా మారింది. మనుషులు గాయపడ్డారు. గాయపడ్డవాళ్ళకు వైద్యం చేస్తున్న ఆసుపత్రి మీద కూడా దాడి జరిగిందని వార్తలు వచ్చాయి. 144 సెక్షన్ పెట్టారు, అరెస్టులు జరిగాయి. క్రిస్మస్‌కు కలిసి తిరిగిన ఊరే ఇది. గోడల పక్కన గోడలు ఉన్నంత మాత్రాన మనుషులు కలిసి ఉన్నట్టు కాదని ఆ శనివారం తేల్చింది.

కలిసి ఉండడం ఊరికి పుట్టుకతో వచ్చే గుణమైతే ఆరోజు అదే మనల్ని కాపాడేది. కాపాడలేదు. నోటి మాట రాళ్ళ దాకా పోయేలోపు ప్రతి లొల్లికీ కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో తమ వర్గం కుర్రాళ్ళ చేయి పట్టుకొని "నడువు రా, ఇంటికి నడువు" అని లాక్కుపోయే మేనమామలు, అన్నలు, మసీదు పెద్దలు, గుడి కమిటీ సభ్యులు ఎంతమంది ఉన్నారన్నదే అసలు లెక్క. ఎదుటి వర్గాన్ని ఆపడం పోలీసుల వల్ల అవుతుంది. సొంతవాళ్ళను ఆపడం సొంతవాళ్ళ వల్లే అవుతుంది. ఈ పనికి ఎవరూ ముందుకు రాకపోతే చర్చి గోపురం ఎంత ఎత్తున్నా ఊరికి ఒరిగేది లేదు.

3. మనిషి స్వభావమే అంత అన్న వాదన

"జనం ఎప్పుడైనా అంతే, నిలబడి చూస్తారు" అని తేల్చేసేవాళ్ళున్నారు. మెదక్ జిల్లాలో ఉండి ఈ మాట అనడానికి నోరెట్లా వస్తుంది? 2014 జూలై 24 పొద్దున మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటులో స్కూలు బస్సును నాందేడ్ ప్యాసింజర్ ఢీకొట్టింది. పదిహేను మందికి పైగా పసిపిల్లలు పోయారు. చుట్టుపక్కల జనం పరుగెత్తుకొచ్చి నెత్తురోడుతున్న పిల్లలను బయటికి తీసి ఆసుపత్రులకు పంపారు. ఆ పిల్లలు ఏ ఊరివాళ్ళు, ఏ కులంవాళ్ళు అని అడిగినవాళ్ళు లేరు. అడగాలని తోచలేదు.

అంటే ధైర్యానికి, దయకు ఇక్కడ కొరత లేదు. ప్రమాదం జరిగితే పరుగెత్తే కాళ్ళే, కులం పేరో మతం పేరో చెవిన పడగానే ఆగుతున్నాయి. "వాళ్ళు మనవాళ్ళా?" అన్న ప్రశ్నకు జవాబు దొరికేదాకా కదలడం లేదు. దీన్ని మనిషి స్వభావం అనడం అన్యాయం. ఇది నేర్చుకున్న లెక్క. నేర్చుకున్నదాన్ని విడిచిపెట్టవచ్చు కూడా.

శాస్త్రం పేరు చెప్పేవాళ్ళకు ఒక మాట. 1964లో న్యూయార్క్‌లో ఒక యువతి హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారని పత్రికలు రాశాయి. అక్కడి నుంచే ఎంత ఎక్కువ మంది ఉంటే అంత తక్కువ సాయం అనే సిద్ధాంతం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆ 38 మంది కథ చాలావరకు అతిశయోక్తి అని తర్వాత తేలింది. 2019లో రిచర్డ్ ఫిల్‌పాట్ బృందం ఇంగ్లండ్‌లోని లాంకస్టర్, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వీధుల్లో సీసీ కెమెరాలకు చిక్కిన 219 గొడవలను పరిశీలించింది. పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒక్కరైనా అడ్డుపడ్డారు. చుట్టూ జనం పెరిగేకొద్దీ ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం పెరిగింది. దొంగతనాలకు, తుపాకులకు పేరుపడ్డ కేప్‌టౌన్‌లో కూడా ఇదే జరిగింది. జనం పట్టించుకోరన్నది లోకానుభవం అనుకుంటున్నాం. కెమెరాలు చూసిన లోకం వేరుగా ఉంది.

4. మధ్యలో పోతే మనమే పోతామన్న వాదన

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2022 మే 4న హైదరాబాద్ సరూర్‌నగర్‌లో, మతాంతర పెళ్ళి చేసుకున్న దళిత యువకుడిని భార్య అన్నే మరొకరితో కలిసి నడిరోడ్డు మీద కొట్టి చంపాడు. ఎంత బతిమాలినా సమయానికి ఎవరూ రాలేదని భార్య తర్వాత మీడియా ముందు చెప్పింది. జనం చేతుల్లో ఫోన్లున్నాయి, వీడియోలు వచ్చాయి. ఇనుప రాడ్డుకు ఎదురుగా ఒక్కడే పోలేదని ఏ ఒక్కరినీ నేను తప్పుపట్టను. కానీ అంత జనంలో పదిమంది ఒక్కసారి అరిచి ఉంటే, నాలుగు బండ్ల హారన్లు ఆగకుండా మోగి ఉంటే, ఇద్దరు వెనక నుంచి దొరికింది విసిరి ఉంటే అన్న ప్రశ్న ఆ రోడ్డును ఎప్పటికీ వదలదు.

"మధ్యలో పోవడం" అంటే ఛాతీ చూపి నిలబడడం ఒక్కటే అనుకోవడంలోనే ఈ వాదన పొరపాటుంది. సినిమా హీరో పని ఒకవైపు, ఏమీ చేయకపోవడం ఒకవైపు పెట్టి, ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమంటారు. మధ్యలో ఉన్న దారులన్నీ కనపడకుండా పోతాయి. బస్సులో ఒకడు అమ్మాయిని సతాయిస్తుంటే వాడి కాలర్ పట్టుకోవాల్సిన పని లేదు. "బిడ్డా, జర ఇటు రా, ఈ సంచి పట్టుకో" అని ఒక అవ్వ పిలిస్తే సగం పని అయిపోతుంది. వాడితో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్కరి వల్ల కాదనిపిస్తే తోడు పిలవాలి. "ఎవరన్నా పోలీసులకు ఫోన్ చెయ్యుండ్రి" అంటే ఎవరూ చేయరు. "నీలం అంగీ అన్నా, నువ్వు 100కు కొట్టు" అంటే ఆ అన్న తప్పించుకోలేడు. ఫోన్‌లో వీడియో తీయడం తప్పు కాదు, తీసినదాన్ని స్టేటస్‌లో పెట్టడం తప్పు. అది దెబ్బతిన్న మనిషికి, కేసు రాసే పోలీసుకు చెందాల్సిన వస్తువు. ఏమీ చేయలేకపోయినా, అంతా అయ్యాక దగ్గరికి పోయి "ఇంటిదాక తోడు రావాల్నా తల్లీ?" అని అడగవచ్చు. న్యూయార్క్‌లో మొదలైన ఒక సంస్థ, రైట్ టు బి, ఇట్లాంటి పద్ధతులనే అయిదు రకాలుగా విడదీసి దేశదేశాల్లో నేర్పుతోంది. అయిదింటిలో నేరుగా ఎదిరించడం ఒక్కటే. మిగిలిన నాలుగింటికీ కండబలం అక్కర్లేదు.

ఇంకో సంగతి ఉంది. మన ప్రాంతానికి సంబంధించి ఇదే అన్నింటికంటే ముఖ్యం. కత్తి బయటికి వచ్చే సమయానికి, నిప్పు అంటుకునే సమయానికి ఆలస్యం అయిపోయి ఉంటుంది. అంతకు ముందు వారాలు, నెలలు ఉంటాయి.

మెదక్ ప్రాంతంలో బాణామతి పేరు ఎరగనివాళ్ళు లేరు. 2023 జూన్‌లో పక్క జిల్లా సంగారెడ్డిలో, సదాశివపేట మండలం కొల్కూరులో, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో భార్యాభర్తలను చెట్టుకు తలకిందులుగా కట్టి కొట్టారు. పోలీసులొచ్చి విడిపించాల్సి వచ్చింది. 2024 అక్టోబరులో మన జిల్లాలోనే, రామాయంపేట మండలం కాట్రియాల్‌లో, మంత్రాలు చేస్తోందని ఒక మహిళకు నిప్పుపెట్టి చంపారు. ఇట్లాంటి చావు ఒక్కరాత్రిలో రాదు. ముందు ఎవరింట్లోనో బర్రె చస్తుంది. ఒక పిల్లకు జ్వరం తగ్గదు. భూతవైద్యుడు "మీ ఇంటికి తూర్పున ఉన్న ఆడమనిషి" అంటాడు. బోరింగు దగ్గర, కల్లు దుకాణం దగ్గర ఒక పేరు తిరగడం మొదలవుతుంది. చాలాసార్లు అది మొగుడు లేని ముసలామె పేరో, వెనక ఎవరూ లేని పేద ఇంటి పేరో అవుతుంది. కొన్నిసార్లు ఆ ఇంటి పక్క భూమి మీద ఎవరి కన్నో ఉంటుంది. గుసగుస మొదలైన నాటి నుంచి పెట్రోలు సీసా దాకా ఊళ్ళో ప్రతి ఒక్కరూ ఆ పేరు విని ఉంటారు.

అప్పుడు నోరు తెరవడానికి ప్రాణాలకు తెగించాల్సిన అవసరం ఏముంది? ఆశా కార్యకర్త "ఆ పిల్లకు డెంగీ, రక్తపరీక్ష కాయితం ఇదిగో" అని అదే బోరింగు దగ్గర చెప్పవచ్చు. బర్రె ఎందుకు చచ్చిందో పశువుల డాక్టరుతో చెప్పించవచ్చు. బడిపంతులు ఆ ముసలామె ఇంటి ముందు కుర్చీ వేసుకొని చాయ్ తాగవచ్చు. పంచాయతీ కార్యదర్శి పోలీసులకు ముందే ఒక మాట చెప్పి పెట్టవచ్చు. ఇవన్నీ పగటిపూట, నలుగురిలో, ఖర్చు లేకుండా చేసే పనులు. వీటిలో ఏ ఒక్కటి జరిగినా అవతలివాడు వెనకాడతాడు, ఎందుకంటే ఆమెకు వెనక మనుషులున్నారని తెలిసిపోతుంది. ప్రాణభయం వాదన చివరి గంటకు మాత్రమే వర్తిస్తుంది. మనం మాత్రం మొదటి రోజు నుంచే దాన్ని వాడుకుంటున్నాం.

5. పోలీసులున్నారు, కోర్టులున్నాయన్న వాదన

ఉన్నారు, ఉండాలి. అయితే వాళ్ళకు కబురు ఎవరు చెప్పాలి? ఫోన్ చేసే మనిషి లేకపోతే పోలీసు జీపు దానంతట అది రాదు. సాక్షి లేకపోతే జడ్జి ఏ కాయితం చూసి శిక్ష వేస్తారు? వ్యవస్థకు వదిలేద్దాం అనేవాళ్ళు వ్యవస్థకు కళ్ళూ చెవులూ అయ్యే పనిని కూడా వదిలేస్తున్నారు.

కొన్నిసార్లు హాని వ్యవస్థ చేతుల్లోనే జరిగిందన్న ఆరోపణ వస్తుంది. దొంగతనం అనుమానంతో మెదక్ పోలీసులు పట్టుకెళ్ళిన ఒక కూలీ, తనను కస్టడీలో హింసించారని చెప్పి, 2023 ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. తెలంగాణ హైకోర్టు పత్రికా వార్తల ఆధారంగా తనంత తానుగా విచారణ చేపట్టింది. ఆ వార్త రావడానికి ఎవరో నోరు తెరవాలి, ఎవరో రాయాలి. అందరూ "పోలీసుల విషయం మనకెందుకు" అనుకొని ఉంటే కోర్టు దాకా పోయేది కాదు.

ఇక కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం. ఇది ఒకప్పుడు నిజం, ఇప్పుడు చాలావరకు పాతబడ్డది. రోడ్డు ప్రమాద బాధితులను ఆదుకున్నవాళ్ళను వేధించరాదని సుప్రీంకోర్టు 2016 మార్చిలో తన తీర్పుతో మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్‌గా ఆ రక్షణ చేరింది. పేరు చెప్పమని, సాక్షిగా ఉండమని వాళ్ళను బలవంతపెట్టకూడదు. భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్ మన శరీరాన్నే కాక ఇంకొకరి శరీరాన్ని కాపాడే హక్కును కూడా, అవసరమైన మేరకు, మనకు ఇస్తుంది. సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు 2018లోనే ఆమోదించింది. అమలులో లోపాలున్నాయి, పోరాడి సరిచేయించుకోవాలి. కానీ చట్టం మనల్ని ఊకొమ్మనలేదు. రాజ్యాంగం 51ఏ అధికరణం మతం, భాష, ప్రాంతం తేడాలను దాటి సోదరభావం పెంపొందించడాన్ని, స్త్రీల గౌరవాన్ని తగ్గించే ఆచారాలను విడిచిపెట్టడాన్ని పౌరుల విధిగా రాసింది.

6. జోక్యం చివరికి గుంపుదాడి అవుతుందన్న వాదన

ఎదుటివాళ్ళ అమ్ములపొదిలో బలమైన బాణం ఇదే. 2018 మేలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. ఊళ్ళు కర్రలు పట్టుకొని రాత్రుళ్ళు కాపలా కాశాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆ గుంపులో ప్రతివాడూ తాను ఊకున్నవాడిని కాననే అనుకున్నాడు. పిల్లలను కాపాడుతున్నానే అనుకున్నాడు. మరి జనాన్ని ముందుకు రమ్మనడం ప్రమాదం కాదా?

ఆ గుంపును రెండుగా విడదీసి చూడండి. కొట్టినవాళ్ళు కొందరు. "ఆగుండ్రి, ఎవరో ఏమో కనుక్కుందాం" అని అనాల్సి ఉండి అననివాళ్ళు చాలామంది. నేను ముందుకు రమ్మంటున్నది ఈ రెండో రకంవాళ్ళను. గుర్తు సులువే. పక్కనున్న మనిషి పని హానిని ఆపడం. తప్పొప్పులు తేల్చడం, శిక్ష వేయడం అతని పని కాదు. పదిమంది ఒక్కరి మీద పడ్డప్పుడు పదిమంది వైపు చేరేవాడు ఎంత ఆవేశంగా కదిలినా అతను గుంపు మనిషే. ఆ ఒక్కరి పక్కన నిలబడి, పోలీసులు వచ్చేదాకా ప్రాణం కాపాడేవాడే మనకు కావాల్సినవాడు. ఆ ఒక్కరు నిజంగా దొంగే అయినా సరే ఈ నియమం మారదు. అయిదుగురో అంతకంటే ఎక్కువ మందో కలిసి కులం, సముదాయం, పుట్టిన ఊరు లాంటి కారణాలతో మనిషిని చంపితే ఉరిశిక్ష దాకా పోయే 103వ సెక్షన్ రెండో భాగం కొత్త సంహితలో ఉంది. కానీ ఆ సెక్షన్ పనిచేసేది మనిషి పోయాక.

పోకముందు పనిచేసింది ఏమిటో కూడా అదే 2018లో కనబడింది. జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికొక కానిస్టేబుల్‌ను కేటాయించారు. వాళ్ళు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, డప్పు చాటింపు వేయించారు, పాటగాళ్ళతో అబద్ధపు మెసేజ్‌ల గురించి పాడించారు. కొత్త మనిషి కనబడితే కొట్టకుండా కబురు పెట్టండని చెప్పి, ఊళ్ళో మాట చెల్లేవాళ్ళతో చెప్పించారు. వేరే చోట్ల ప్రాణాలు పోతున్న కాలంలో ఆ ఊళ్ళు ప్రాణాలు నిలబెట్టాయి. జనాన్ని ఇళ్ళల్లో కూర్చోబెట్టి సాధించిన ఫలితం కాదది. జనానికి పని అప్పగించి సాధించింది. గుంపుదాడి భయంతో జోక్యాన్నే వద్దనేవాళ్ళు గుంపును ఆపగల ఒకే ఒక్క శక్తిని ఇంట్లో కూర్చోమంటున్నారు.

7. ఒక్కడివల్ల ఏమైతదన్న వాదన

1950ల్లో సోలొమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. గీతల్లో ఏది నమూనా గీతతో సమానమో కంటికి స్పష్టంగా కనబడుతున్నా, గదిలో ఉన్నవాళ్ళంతా తప్పు చెబితే చాలామంది ఒక్కసారైనా ఆ తప్పుకే తలూపారు. ఆ గదిలో ఒక్కరు నిజం చెప్పగానే ఆ తలూపడం దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. ఒక్కడు గెలవాల్సిన పని లేదు. రెండోవాడికి నోరు వచ్చేట్టు చేస్తే చాలు. గౌతోజిగూడెం పెద్దమనుషులు మొదటి పలకరింపుకే జరిమానా పెట్టడం ఇందుకే.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న మారాలి. మెదక్‌లో ఆ మొదటివాళ్ళను ఎవరు తయారుచేయాలి? ధైర్యవంతులు పుట్టేదాకా ఎదురుచూడడం తప్పించుకోవడమే. ఈత లాగా ఇది నేర్పితే వచ్చే విద్య. నీళ్ళల్లో పడ్డాక నేర్పలేం. జిల్లాలోని హైస్కూళ్ళలో, జూనియర్ కాలేజీల్లో ఏడాదికి ఒక పూట ఇది నేర్పాలి, ఉపన్యాసంగా వద్దు, పిల్లలతో బస్సు సీను ఆడించి చూపాలి. మెదక్ డిపో డ్రైవర్లకు, కండక్టర్లకు బస్సు ఎప్పుడు ఆపాలో, ఏం అనాలో రాతపూర్వకంగా చెప్పాలి. ఏడుపాయల జాతర వలంటీర్లకు తప్పిపోయిన పిల్లలను వెతకడంతో పాటు రద్దీలో ఆడవాళ్ళను సతాయించేవాళ్ళ మధ్యకు ఎట్లా పోవాలో కూడా నేర్పాలి. మహిళా సంఘాల నెలవారీ మీటింగులో అప్పుల లెక్క అయ్యాక ఒక ప్రశ్న వేయాలి: ఈ నెల ఊళ్ళో ఎవరి పేరు మీద గుసగుస నడుస్తోంది, ఆ ఇంటికి ఎవరు పోయి వస్తున్నారు? శాంతి కమిటీ బక్రీదుకు, వినాయక చవితికి ముందురోజు ఫొటో దిగి వెళ్ళిపోతే సరిపోదు. ఏ గల్లీలో కుర్రాళ్ళను ఎవరు లాక్కుపోతారో, ఆ మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు పండుగకు నెల ముందే రాసిపెట్టుకోవాలి. ఆ జాబితా అడగడం మన హక్కు. అడుగుదాం, దాంట్లో మన పేరు కూడా రాయమందాం.